వర్జ్యం చూసుకోని అప్‌డేట్

దేశంలో భక్తి తగ్గిపోతోందని బాధపడే పెద్దలకు నాదొక విన్నపం. ఒక్కసారి అప్‌డేట్ అవుతున్న సర్వర్ ముందు కూర్చుని చూడండి. ముప్ఫై శాతం దగ్గర మనిషి చెప్పులు విడుస్తాడు. యాభై దగ్గర చేతులు కట్టుకుంటాడు. అరవై రెండు దగ్గర అది ఆగిపోయాక ఆ పెదవులు ఎలా కదులుతాయో చూడండి! ఒకే అంకె మీద నలభై నిమిషాలు దృష్టి నిలపడం మునులకే సాధ్యమని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇవాళ తణుకులో బట్టల వ్యాపారి కూడా నిలుపుతున్నాడు.

కాబట్టి ఈ వారం నా వాదన ఇదీ. సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ రావడం, ఆ వెర్షన్‌కు అప్‌డేట్ రావడం, ఆ అప్‌డేట్ చేసిన తప్పును సరిదిద్దడానికి ఇంకో అప్‌డేట్ రావడం, ఇవన్నీ మానవజాతికి వరాలు. వీటిని తిట్టేవాళ్లు కృతఘ్నులు.

చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారా? నేను రాజమండ్రి దానవాయిపేటలో పంతొమ్మిదేళ్లుగా ఐటీ కన్సల్టెంట్‌ని. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, బట్టల కొట్లు సొంతంగా ఇంజనీరును పెట్టుకోలేవు. వాటికి వెనక గదిలో, దేవుడి పటం కింద, ఒక్క సర్వర్ ఉంటుంది. దానికి వైద్యుణ్ని నేను. అది బాగున్నన్నాళ్లూ నా పేరు ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, మా ఇంట్లో అందరి పేర్లూ గుర్తొస్తాయి. నేను ఫోన్ ఎత్తకపోతే మా ఆవిడ ప్రసన్నలక్ష్మికి చేస్తారు. ఆవిడ వంటింట్లో నుంచే 'ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి' అని చెప్పేస్తుంది. సగం కేసులు అక్కడే నయమైపోతాయి.

సర్వర్ అంటే ఏంటో తెలియనివాళ్లకు ఒక్క మాట. కొట్లో మిగతా కంప్యూటర్లకు ఏ సమాచారం కావాలన్నా దాన్నే అడగాలి. ఉమ్మడి కుటుంబంలో బీరువా తాళాలు బొడ్లో దోపుకున్న పెద్ద కోడలన్నమాట. ఆవిడ అలిగితే ఇంట్లో కాఫీ కూడా పుట్టదు.

ఇక వరాల సంగతి. కాకినాడ దగ్గర వీరదుర్గ గారికి చేపలు ప్యాక్ చేసే షెడ్డు ఉంది. తెల్లారి లేస్తే వేటకెళ్లిన బోట్లతో, ఐసు లారీలతో ఆవిడకు తల గోక్కునే తీరిక ఉండదు. మొన్నొక రోజు అప్‌డేట్ రెండున్నర గంటలు పట్టింది. చేసేందుకు పనేమీ లేక, పదకొండేళ్లుగా మాట్లాడని తోడికోడలితో మాట్లాడారు. ఊళ్లో పెద్దమనుషులు నాలుగుసార్లు కూర్చుని కలపలేని కుటుంబాన్ని ఒక్క అప్‌డేట్ కలిపింది. దీనికి ఏ కంపెనీకైనా సన్మానం చేశారా?

మెదడుకు వ్యాయామం మాటేంటి? నిన్నటిదాకా ఎడమ పక్కన ఉన్న బటన్ ఇవాళ నడిమధ్యకు వస్తుంది. వచ్చే నెల అసలు కనబడదు. వయసు మీద పడేకొద్దీ మతిమరుపు రాకుండా పజిల్స్ చెయ్యమని డాక్టర్లు చెబుతున్నారు. మా ఖాతాదారులకు ఆ బాధ లేదు. ప్రింట్ ఎక్కడుందో వెతుక్కోవడంలోనే వాళ్ల మెదడు పదునెక్కుతోంది.

వినయం సంగతి సరేసరి. ప్రతి అప్‌డేట్‌తో పాటు కంపెనీ వాడు ఒక చీటీ పంపుతాడు. 'పనితీరు మెరుగుపరిచాం, కొన్ని లోపాలు సరిచేశాం' అని ఉంటుంది. ఏం మెరుగుపరిచాడు? ఏ లోపాలు? చెప్పడు. కుడి చేత్తో చేసిన దానం ఎడమ చేతికి తెలియకూడదంటారు. ఈయన కుడి చేత్తో చేసిన తప్పు కూడా ఎడమ చేతికి తెలియనివ్వడు.

ఇన్ని సుగుణాల్లో ఒక్కటే లోటు. కంపెనీ వాడు నెలనెలా అప్‌డేట్‌ని మంగళవారం నాడు వదులుతాడు. పాఠకులారా, మన గోదావరి జిల్లాల్లో మంగళవారం నాడు గోళ్లు కూడా తియ్యం. అలాంటిది సర్వర్‌ని ముట్టుకుంటామా? ఈ చిన్న పొరపాటు వల్ల తణుకులో ఏం జరిగిందో చెబుతాను. కంపెనీ మీద ఫిర్యాదుగా కాదు, కృతజ్ఞతగానే.

తణుకులో గోపాలకృష్ణమూర్తి గారిది స్కూలు యూనిఫారాల వ్యాపారం. ముందు కొట్టు, వెనక కుట్టు మిషన్లు, పైన కాపురం. నలభై మూడు బడులు, తొమ్మిది వేల చిల్లర పిల్లలు. ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇవ్వకముందే టైలర్ మేస్త్రి త్రిమూర్తులు టేపు మెడలో వేసుకుని బడిబడికీ తిరిగి కొలతలు తీస్తాడు. పెరిగే పిల్లలు కదా అని ఎవరికి ఎంత కలపాలో కూడా అతనే తేలుస్తాడు. జూన్ పన్నెండున బడి గంట కొట్టేసరికి తొమ్మిది వేల ఒళ్ల మీదా కొత్త బట్ట ఉండాలి. నలభై ఏళ్లుగా ఆ మాట తప్పలేదని గోపాలకృష్ణమూర్తి గారికి గర్వం.

ఆ కొలతలన్నీ సర్వర్‌లో ఉంటాయి. కంప్యూటర్‌లో ఎక్కించగానే కొలతలు రాసుకున్న చీటీలు పారేస్తారు. కంప్యూటర్‌లో ఉన్నాక కాగితం ఎందుకండీ అని ఆ సలహా ఇచ్చింది నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను మరిచిపోవాలని చూస్తాను.

వాళ్ల పాత సర్వర్ పన్నెండేళ్లది. పన్నెండేళ్లలో రెండేసార్లు ఆగింది. ఒకసారి తుఫానుకి, ఒకసారి లోపల బల్లి పడి. ఈ వేసవి మొదట్లో కంపెనీ కొత్త వెర్షన్ విడుదల చేసింది. కొత్త వెర్షన్ పాత పెట్టె మీద నడవదు. పాత వెర్షన్‌కు త్వరలో కంపెనీ సపోర్ట్ ఆగిపోతుంది, దాంతోనే ఉంటే ప్రమాదం. ఆ మాట చెప్పడానికి నేను తణుకు వెళ్లాను.

"బాగానే నడుస్తోంది కదండి," అన్నారు గోపాలకృష్ణమూర్తి గారు.

బాగా నడవడం వేరు, సపోర్ట్ ఉండటం వేరు అని వివరించాను. ఆయనకు అర్థం కాలేదు. నిజానికి నాకూ పూర్తిగా అర్థం కాలేదు. కానీ నా దగ్గర సర్టిఫికెట్ ఉంది.

కొత్త పెట్టె వచ్చింది. ఆయన భార్య రాజరాజేశ్వరి గారు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టారు. అన్నవరంలో వ్రతం చేయించుకుంటామని మొక్కుకున్నారు కూడా. కొలతలన్నీ కొత్తదాంట్లోకి మార్చాను. పాతదాన్ని శుక్రవారం వచ్చి పట్టుకెళ్లమని పాత ఇనుప సామాన్లవాడికి నేనే ఫోన్ చేసి చెప్పి, రాజమండ్రి బస్సెక్కాను. దాంట్లోని డిస్కు తీసి దాచుకోవాలన్న జ్ఞానం నాకు బస్సు గోదావరి మీద సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కాక కలిగింది. మళ్లీ వెనక్కి ఎవరు వెళ్తారు?

వారం తిరగకుండా కొత్త వెర్షన్‌కు మొదటి అప్‌డేట్ వచ్చేసింది. పిల్లకు అన్నప్రాసన కాకముందే పెళ్లిచూపులన్నమాట. తెర మీద ఎర్రగా 'వెంటనే చెయ్యండి' అని. మంగళవారం వచ్చింది కాబట్టి గోపాలకృష్ణమూర్తి గారు ఒప్పుకోలేదు. సిద్ధాంతి గారిని అడిగి గురువారం ఉదయం పదీ ఇరవైకి ముహూర్తం పెట్టించారు. నేను పదింటికల్లా తణుకులో దిగాను. కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా పదీ ఇరవైకి ఆయన చూపుడువేలితోనే బటన్ నొక్కించాను. ఇరవై శాతం దాకా అందరం నిలబడే ఉన్నాం. తరవాత నేను ఎదురుగా హోటల్లో టీ తాగొస్తానని వెళ్లాను. టీతో పాటు పెసరట్టు కూడా తిన్నానని ఒప్పుకుంటున్నాను.

తిరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. సర్వర్ చప్పుడు లేదు. గోపాలకృష్ణమూర్తి గారు పంచాంగం ఒళ్లో పెట్టుకుని ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు.

"ఏమైందండి?" అన్నాను.

"ఏం కాలేదు, కూర్చోండి ఉదయ్‌భాస్కర్ గారూ. ఆగి, మళ్లీ వెలిగిందండి. బానే ఉందనుకున్నాం. రెండోసారి ఆగి, వెలిగింది. ఇదేంటని సిద్ధాంతి గారికి ఫోన్ చేశాను. ఎన్నిసార్లు వెలిగినా ఆఖరుసారి వెలగడమే లెక్క అన్నారు. మూడోసారి ఆగేసరికి టైము పదకొండూ నలభై ఎనిమిది. పదకొండూ యాభైకి వర్జ్యం వచ్చేస్తోంది. ఇక వెలిగితే వర్జ్యంలోనే కదండి వెలిగేది. అందుకని ఆపేశాను. ఒంటిగంటా ఇరవై దాకా ఓపిక పడితే వర్జ్యం వెళ్లిపోద్ది."

"కంప్యూటర్ ఆపొద్దని తెర మీద రాసి ఉంది కదండి?"

"కంప్యూటర్ ఆపొద్దన్నాడు. నేను దాన్ని ముట్టుకోలేదండి. గోడ మీద స్విచ్చి ఆపాను. ఆ కింద బ్యాటరీ పెట్టె కుయ్యోమంటే దాన్నీ ఆపాను."

ఇందులో ఆయన తప్పేముంది చెప్పండి? నలభై ఏళ్లుగా ఏ కుట్టు మిషను కొన్నా, ఏ కత్తెర కొన్నా ఇలాగే చూసుకుని మొదలెట్టారు. అవన్నీ బాగానే ఉన్నాయి. తెర మీద ఆ హెచ్చరిక రాసినవాడికి వర్జ్యం తెలియదు. చదివినాయనకు అప్‌డేట్ తెలియదు. రెండూ తెలిసినవాడు ఎదురుగా హోటల్లో పెసరట్టు తింటున్నాడు.

ఒంటిగంటా ఇరవైకి వర్జ్యం వెళ్లింది. ఒంటిగంటన్నరకు రాహుకాలం. మధ్యలో పది నిమిషాలు. ఒంటిగంటా ఇరవై రెండుకు ఆయన దణ్ణం పెట్టి స్విచ్చి వేశారు. తెర మీద ఒక తెల్ల గీత వచ్చి మెరుస్తూ నిలబడింది. అంతకుమించి ఏమీ రాలేదు. ఆ తరవాత రాహుకాలమంతా అదే గీత.

అయినా నేను బెదరలేదు. నా దగ్గర బ్యాకప్ ఉంది, పాత పెట్టెలోంచి ముందే తీసిపెట్టుకున్న కొలతల నకలు! లోపలున్నవన్నీ చెరిపేసి కొత్త సాఫ్ట్‌వేర్ మొత్తం మొదటి నుంచి ఎక్కించాను. నా చేతిసంచిలోంచి బ్యాకప్ డిస్కు తీసి తగిలించాను. తెర మీద మర్యాదగా ఒక మాట వచ్చింది. 'ఈ ఫైలు పాత వెర్షన్‌లో తీసినది. కొత్త వెర్షన్ దీన్ని తెరవదు.' ఇల్లు కాలుతుంటే నీళ్ల బిందె 'నేను పాత బావిలో నీళ్లను, ఈ మంట మీద పడను' అన్నట్టుంది.

త్రిమూర్తులు కుట్టు గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. మెడలో టేపు ఉంది.

"మళ్లీ కొలుద్దామంటే పిల్లలేరండి? బళ్లు మూసేశారు కదండి. ఒకడు తునిలో ఉంటాడు, ఒకడు హైదరాబాదులో ఉంటాడు. బళ్లు తెరిచాక కొలిస్తే దసరాకి తొడుక్కుంటారండి."

గోపాలకృష్ణమూర్తి గారు నన్ను తిట్టలేదు. పంచాంగం మూసి, దాని మీద కళ్లజోడు పెట్టారు. పాఠకులారా, తొమ్మిది వేల మంది పిల్లలు నిరుటి పొట్టి లాగులతో వరసగా ప్రార్థనలో నిలబడ్డట్టు కళ్లకు కట్టింది. ఈ పేరాలో వ్యంగ్యం లేదు.

కంపెనీ సపోర్ట్‌కు ఫోన్ చేశాను. నా కాల్ తమకెంతో ముఖ్యమని నలభై నిమిషాలు పాట వినిపించారు. తరవాత ఒక అమ్మాయి చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగింది, అప్‌డేట్ మధ్యలో ఎందుకు ఆగిందని. ఆ అమ్మాయి దగ్గర కారణాల జాబితా ఉంది. కరెంటు పోవడం ఉంది, పిడుగు ఉంది, వరద కూడా ఉంది. వర్జ్యం లేదు. నేను ఎంత వివరించినా లేదు. చివరికి 'ఇతరములు' అని రాసుకుని, నాకు పద్నాలుగు అంకెల ఫిర్యాదు నంబరు ఇచ్చి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగి పెట్టేసింది.

అప్పుడు రాజరాజేశ్వరి గారు కాఫీ పట్టుకుని కిందికి వచ్చారు. మా ముఖాలు చూసి గ్లాసులు బల్ల మీద పెట్టేశారు.

"ఇంతకీ ఆ పాతది పనికిరాదాండీ?" అన్నారు.

"అది ఉంటే ఇంకేమమ్మా. పోయిన శుక్రవారమే ఇనుప సామాన్లలో కలిసిపోయింది కదా," అన్నాను.

"ఎక్కడ పోయిందండి, మెట్ల కింద ఉంది."

ఆవిడే చెప్పుకొచ్చారు.

"శుక్రవారం పూట ఇంట్లోంచి వస్తువు బయటికి ఎలా పంపుతామండి? రేపు రమ్మన్నాను. శనివారం ఇనుము కొననని వాడే అన్నాడు. ఆదివారం వాడు రాలేదు. సోమవారం అమావాస్య. మంగళవారం సంగతి మీకు తెలిసిందే. నిన్న పంపేద్దామనుకున్నాను. కానీ రేపు ముహూర్తం పెట్టుకుని, పన్నెండేళ్లు అన్నం పెట్టినదాన్ని ఇవాళ గెంటేయడం ఎందుకులే అనిపించింది. పైన దుప్పటి కప్పి ఉంచాను."

గోపాలకృష్ణమూర్తి గారు, త్రిమూర్తులు, నేను, ముగ్గురం కలిసి దాన్ని మెట్ల కింద నుంచి మోసుకొచ్చాం. తీగలు తగిలించాను. వేలు స్విచ్చి మీద పెట్టి ఒక్క క్షణం ఆగాను. ఇప్పుడు ఘడియ ఏంటని ఎవరూ అడగలేదు. పంచాంగం బల్ల మీదే ఉంది, ఎవరూ తియ్యలేదు.

అది పాత ఫ్యానులా గరగరమంది. మూడు నిమిషాల్లో వెలిగింది. శాతాలు లేవు, గిరగిర తిరిగే చక్రాలు లేవు. త్రిమూర్తులు ఒంటి వేలితో ఒక పేరు కొట్టాడు. బేబీ, ఏడో తరగతి. మెడ పదకొండున్నర, చెయ్యి పంతొమ్మిది, పొడుగుకు రెండంగుళాలు కలపాలి.

"ఆయ్, ఈ పిల్లేనండి. కొలుస్తుంటే చక్కిలిగింతలని ఒకటే నవ్వు," అన్నాడు. కళ్లు తుడుచుకుని, కత్తెర కోసం లోపలికి వెళ్లిపోయాడు.

ముంచిందీ పంచాంగమే, తేల్చిందీ పంచాంగమే. మధ్యలో ఎందుకూ పనికిరాకుండా పోయింది నా సర్టిఫికెట్ ఒక్కటే.

జూన్ పన్నెండున నలభై మూడు బడుల్లోనూ పిల్లలు కొత్త యూనిఫారాలతోనే నిలబడ్డారు. రెండు చోట్ల లాగులు వదులయ్యాయట. అది త్రిమూర్తులు పిల్లల మీద పెట్టుకున్న ఆశ, సర్వర్ తప్పు కాదు. నిమ్మకాయ ఇప్పుడు పాత సర్వర్‌కు కట్టి ఉంది. కొత్త సర్వర్ మెట్ల కింద, అదే దుప్పటి కింద ఉంది. దాన్ని వెనక్కి పంపుదామంటే ఇంతవరకూ మంచి రోజు కుదరలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం ఒప్పుకోవాలి. ఇది కంపెనీ చెవిన పడకూడదు. ఆ రోజు బస్సెక్కే ముందు పాత సర్వర్ వెనక నుంచి ఇంటర్నెట్ తీగ పీకేశాను. పీకి, చుట్ట చుట్టి, నా చేతిసంచిలో వేసుకున్నాను. వరాలు ఆ తీగ గుండానే వస్తాయి మరి. వైద్యుడన్నవాడు రోగికి మందు ఎంత ఇవ్వాలో తెలుసుకోవాలి. అసలు ఇవ్వకపోవడం కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు ఆ సంచిలో ఏడు కొట్ల తీగలు ఉన్నాయి.

మొన్న సోమవారం తణుకుకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు వాడుతున్న పాత వెర్షన్‌కు ఫలానా తేదీతో మా సపోర్ట్ ముగిసిపోతోంది, ఇన్నేళ్లూ మాతో ఉన్నందుకు ధన్యవాదాలు అని. ఇన్నేళ్లలో ఆ కంపెనీ మనిషి ఒక్కడు గోదావరి దాటి వచ్చిన పాపాన పోలేదు. బల్లి పడ్డప్పుడు దాన్ని చీపురుపుల్లతో తీసింది నేను. తుఫాను నీళ్లొచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకుని మేడెక్కింది త్రిమూర్తులు. ఎన్నడూ మొదలవని సపోర్ట్ ఇప్పుడెలా ముగిసిపోతుందో నాకు తెలియదు. ముగిసిందని చెప్పే పని మాత్రం ప్రతి వెర్షన్‌కూ నా నోటితోనే చేయిస్తారు. బాగా నడుస్తున్నదాన్ని చూపించి ఇది చచ్చిపోయిందండి అని నేను చెప్పాలి. పంతొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం ఇదీ.

ఆ ఉత్తరం చదివి రాజరాజేశ్వరి గారు నాకు ఫోన్ చేశారు. గొంతులో కంగారు లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది.

"ఏవండీ, సపోర్ట్ అయిపోయిందని రాశారు. ఇన్నాళ్లూ వాళ్ల సపోర్ట్ కూడా ఉందాండీ? నేను మీరొక్కరే అనుకున్నాను."

సర్వర్‌లో ఫ్యాను మళ్లీ గరగరమంటోంది, ఎప్పుడొస్తారని అడిగారు. గురువారం వస్తానన్నాను. వర్జ్యం వెళ్లాకే బయల్దేరతాను.